గోలీ మారినప్పుడు

మా ఖాందాన్‌లో థైరాయిడ్ గోలీ లేని ఇల్లు లేదు. అమ్మీకి ఉంది, నాకు ఉంది, ఇద్దరు ఖాలాలకు ఉంది, చికాగోలో ఉండే మా ఆపాకి ఉంది. పొద్దున ఫజర్ అయ్యాక ఫోన్ చేస్తే సలాం తర్వాత వచ్చే మొదటి సవాల్ "గోలీ ఖాయే క్యా మా?" అనే. చూస్తే ఇంతే ఉంటుంది, కందిగింజంత. దాని మీద ఈ ఏడాది మా ఇంట్లో జరిగినంత బహస్ దాదా పొలం పంచుకున్నప్పుడు కూడా జరగలేదు.

కారణం ఏమంటే, కొన్ని నెలల తేడాలో ఇద్దరికి గోలీ మారింది. కర్నూల్లో అమ్మీకి కంపెనీ మారింది. చికాగోలో ఆపాకి మందే మారింది. రెండూ ఒకే జబ్బుకి, కానీ రెండు మార్పులూ ఒకటి కావు. ఈ ఫరఖ్ తెలియక మనవాళ్ళు పడే పరేషానీ చాలా ఉంది. నేను డాక్టర్‌ని కాదు, వార్తలు రాసుకునే మనిషిని. ఇరవయ్యేళ్ళుగా నలుగుర్నీ అడిగి, చదివి, సాఫ్‌గా రాయడమే నా పని. ఇదీ అలాగే రాస్తున్నాను.

ముందు మందు సంగతి. గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే గ్రంథి థైరాయిడ్. అది ముఖ్యంగా రెండు హార్మోన్లు ఇస్తుంది. ఒకటి టీ4, రెండోది టీ3. టీ4 బ్యాంకులో వేసిన డబ్బు లాంటిది. టీ3 జేబులో ఉన్న నోటు. ఒళ్ళు ఖర్చుపెట్టేది టీ3నే. అవసరమైనప్పుడల్లా కాలేయం, మూత్రపిండాలు, ఇంకా ఇతర అవయవాలు టీ4ను టీ3గా మార్చుకుంటాయి. గ్రంథి సరిగ్గా పనిచేయకపోతే మనిషి మొత్తం నెమ్మదిస్తుంది. నీరసం, మలబద్ధకం, చలి, జుట్టు రాలడం, మతిమరుపు, దిల్ కొట్టుకోవడం కూడా మెల్లగా. అప్పుడు గ్రంథి ఇవ్వలేనిది గోలీ ఇవ్వాలి.

ఈ ఇలాజ్ మొదలైంది గొర్రెతో. 1891లో ఇంగ్లాండులోని న్యూకాసిల్‌లో జార్జ్ మర్రే అనే డాక్టర్ గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసాన్ని ఒక ఆడ మరీజుకి సూదిమందుగా ఇచ్చాడు. ఆమె కోలుకుంది. ఆ తర్వాత నోటితో తీసుకుంటూ 1919 వరకు, అంటే ఇంకో 28 ఏళ్ళు బతికింది. ఆమె ఒక్కదాని కోసం 870కి పైగా గొర్రెల గ్రంథులు వాడారని మర్రే తానే లెక్క రాసి పెట్టాడు. తర్వాత జంతువుల గ్రంథుల్ని ఎండబెట్టి, పొడిచేసి, గోలీలు చేయడం వచ్చింది. మాంసం ఫ్యాక్టరీల్లో పంది గ్రంథులు బోలెడు దొరికే దేశాల్లో ఆ గోలీ పందిదే అయింది.

1914 డిసెంబర్ 25న అమెరికాలో ఎడ్వర్డ్ కెండల్ థైరాక్సిన్‌ను, అంటే టీ4ను, విడిగా తీశాడు. 1927లో బ్రిటన్‌లో చార్లెస్ హారింగ్టన్, జార్జ్ బార్జర్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. 1950ల నుంచి లీవోథైరాక్సిన్ గోలీ బజారులోకి వచ్చింది. 1970లో ఇంకో సంగతి తేలింది. గ్రంథి లేని మనుషులకు వట్టి టీ4 ఇచ్చినా వాళ్ళ ఒంట్లో టీ3 తయారవుతోంది. ఆ తర్వాత డాక్టర్లు చాలావరకు లీవోథైరాక్సిన్ వైపే వచ్చేశారు.

కాబట్టి ఒక మాట ముందే చెప్పేస్తాను, ఎందుకంటే వాట్సాప్‌లో షక్ పుట్టించే మెసేజులు నేనూ చూశాను. మన దగ్గర డాక్టర్లు మామూలుగా రాసే గోలీ లీవోథైరాక్సిన్. అది రసాయనికంగా తయారయ్యే టీ4. పంది గ్రంథితో దానికి సంబంధం లేదు. ఎవరో పంపిన వీడియో చూసి మీ అమ్మీ, మీ సాస్ గోలీ మానేయకుండా చూసుకోండి.

మా ఆపా సంగతి వేరు. పదేళ్ళ కింద ఆమెకి గొంతు ఆపరేషన్ చేసి గ్రంథి మొత్తం తీసేశారు. మొదట్లో లీవోథైరాక్సిన్ ఇచ్చారు. ఏడాది గడిచినా నీరసం తగ్గలేదని ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన "ఇది సహజమైన మందు" అని వేరే గోలీ రాశాడు. ఆపాకి హుషారు వచ్చింది. తొమ్మిదేళ్ళు అదే వాడింది. ఈ ఏడాది ఆమె కూతురు డబ్బాతో వచ్చిన కాగితం చదివింది. అందులో 'పోర్సైన్' అని ఉంది. ఆపా, నేను ఒకే ఉర్దూ మీడియం స్కూల్లో చదివాం. మాకు ఖింజీర్ తెలుసు, సువ్వర్ తెలుసు, పంది తెలుసు, పిగ్ తెలుసు. పోర్సైన్ అంటే అదేనని ఎవరు చెప్పారు? అమెరికాలో ఉండి కూడా జెల్లీ డబ్బా వెనక గెలటిన్ పేరు వెతికి వెతికి కొనే మనిషి ఆపా. రోజూ ఫజర్‌కి ముందు నిహార్ మూ, అంటే పరగడుపున, బిస్మిల్లా చెప్పుకుని మింగింది ఇదే.

ఆ రోజు ఫోన్లో ఆమె ఏడవలేదు. "తొమ్మిదేళ్ళ నా నమాజులు ఏమైనట్టు?" అని మాత్రం అడిగింది. గోలీ ఆపేశాననీ చెప్పింది. నాకు భయం వేసింది ఆ రెండో మాటకి. కొద్దోగొప్పో పనిచేసే గ్రంథి ఉన్నవాళ్ళ సంగతి వేరు. ఆపాకి గ్రంథే లేదు. టీ3 ఒంట్లో నిలిచేది ఒకటి రెండు రోజులు. టీ4 ఏడు రోజులకి సగం అవుతుంది, ఇంకో ఏడు రోజులకి ఆ సగంలో సగం. అంటే మానేసిన మర్నాడే పడిపోరు. అదే మోసం. "చూడు, ఏమీ కాలేదు" అనిపిస్తుంది. వారాలు గడిచేకొద్దీ ఒళ్ళు చల్లబడి, మగతలోకి జారి, చివరికి జాన్ మీదికి వచ్చే హాలత్ వస్తుంది.

నేను ఆపాకి చెప్పింది ఒకటే. "ఇవి రెండు సవాళ్ళు, రెండు చోట్ల అడుగు. హలాల్ హరాం ముఫ్తీ సాబ్‌ని అడుగు. ఏ గోలీ ఎంత, ఎప్పటి నుంచి, అది డాక్టర్‌ని అడుగు. ఒకరి సవాల్ ఇంకొకరిని అడగొద్దు."

వాళ్ళ మసీదులో ఉన్న ముఫ్తీ సాబ్ మన దక్కన్ మనిషే. ఆయన ఆపా మాట మొత్తం విన్నారట. తెలియక తిన్నదానికి గునాహ్ లేదన్నారు, నమాజుల గురించి వస్వసా పెట్టుకోవద్దన్నారు. పంది మాంసం హరాం అని చెప్పిన సూరె బఖరా, సూరె మాయిదాల్లోనే మజ్బూరీలో పడ్డవాడికి మినహాయింపు కూడా ఉందని గుర్తుచేశారు. జాన్ కాపాడుకోవడం ఫర్జ్. అయితే అదే పని చేసే వేరే మందు దొరుకుతున్నప్పుడు దానికి మారాలి. కొత్త మందు చేతికి వచ్చేదాకా ఏం చేయాలో డాక్టర్ చెప్పినట్టు చేయమన్నారు. ఇది ఆయన ఆపాకి చెప్పిన జవాబ్. జంతు పదార్థం రసాయనికంగా మారిపోతే హుకుం మారుతుందా అన్నదాని మీద ఉలమాల్లో బహస్ ఉంది. మీ మస్లా మీరు నమ్మే ఆలింని అడగండి.

డాక్టర్ దగ్గర హిసాబ్ మొదలైంది. ఎండబెట్టిన గ్రంథి గోలీలో 60 మిల్లీగ్రాములకి సుమారు 38 మైక్రోగ్రాముల టీ4, 9 మైక్రోగ్రాముల టీ3 ఉంటాయి. ఆపా వేసుకునేది 90 మిల్లీగ్రాములు. అంటే 57 టీ4, పదమూడున్నర టీ3. మనిషి గ్రంథి ఇచ్చేదాంట్లో టీ3 పాలు చాలా తక్కువ, సుమారు పద్నాలుగు పాళ్ళ టీ4కి ఒక పాలు. పంది గ్రంథిలో నాలుగు పాళ్ళకి ఒకటి. అందుకే ఆ గోలీ వేసుకున్న రెండు నాలుగు గంటల్లో రక్తంలో టీ3 ఒక్కసారి పైకి లేస్తుంది. ఆపా దాన్నే హుషారు అనుకునేది. అప్పుడప్పుడు దిల్ దడదడలాడేది కూడా అందుకేనేమో అన్నారు డాక్టర్. వయసు పైబడ్డవాళ్ళకి, గుండె జబ్బున్నవాళ్ళకి ఆ దడ మంచిది కాదు.

ఆమెకి రోజుకి 112 మైక్రోగ్రాముల లీవోథైరాక్సిన్ రాశారు. మారేటప్పుడు మిల్లీగ్రాములకీ మైక్రోగ్రాములకీ సూటి లెక్క కుదరదు. వేసిన అంచనాని రక్తపరీక్షతో సరిచేసుకోవాలి. "ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ చేయించు, అప్పటిదాకా ఫైసలా చేయకు" అన్నారు.

ఆ ఎనిమిది వారాల్లో మూడో వారం చాలా కష్టంగా గడిచింది. పాత గోలీలో ఉన్న టీ3 రెండు మూడు రోజుల్లోనే పోయింది. కొత్త గోలీ టీ4 ఒంట్లో పూర్తిగా నిండడానికి ఐదారు వారాలు పడుతుంది. మధ్యలో ఉన్న ఖాళీని ఆపా మోసింది. పొద్దున లేవలేకపోయేది, వంట చేస్తూ చేస్తూ కూర్చుండిపోయేది. "అల్లా కోసం మానేశాను కదా, ఇంకా ఎందుకు ఈ తక్లీఫ్?" అని ఒక రాత్రి అడిగింది. దూల్హే భాయ్ ఏమో పాత గోలీకే వెళ్ళిపొమ్మన్నారు. అది ఆమె ఈమాన్ సవాల్ కాదని, టీ4 లెక్క అని నేను కేలండర్ పెట్టుకుని చెప్పాను. ఎనిమిదో వారం టీఎస్‌హెచ్ 5.8 వచ్చింది. అంటే మందు ఇంకాస్త కావాలి. 125కి పెంచారు. మళ్ళీ ఎనిమిది వారాలకి 2.1.

ఇక్కడ ఇన్సాఫ్‌గా ఇంకో మాట కూడా చెప్పాలి. పాత గోలీ బాగుండేది అన్న మరీజుల మాట వట్టి వహం కాదు. 2013లో అమెరికాలో 70 మందికి రెండు రకాల గోలీలూ, ఏది ఏదో చెప్పకుండా, మార్చి మార్చి ఇచ్చి చూశారు. జబ్బు లక్షణాల్లో, జ్ఞాపకశక్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయినా ఏది నచ్చిందని అడిగితే దాదాపు సగం మంది గ్రంథి గోలీ అన్నారు, 13 మంది లీవోథైరాక్సిన్ అన్నారు, మిగతావాళ్ళు ఏదైనా ఒకటే అన్నారు. టీఎస్‌హెచ్ సరిగ్గా ఉన్నా కొందరికి నీరసం పోదన్నది నిజం. అలాంటివాళ్ళకి లీవోథైరాక్సిన్‌తో పాటు కొద్దిగా టీ3, అదీ ప్రయోగశాలలో తయారైన లయోథైరోనిన్, ఇచ్చి చూసే డాక్టర్లు ఉన్నారు. అందులోనూ పంది లేదు. ఆపా ఇప్పటికీ "పూర్వం ఉన్నంత హుషారు లేదు" అంటుంది. ఇంకో ఆరు నెలలు చూసి అడుగుతానంది. సబర్ అంటే నోరు మూసుకోవడం కాదు కదా, అడగాల్సిన వేళకి అడగడం కూడా.

ఆమె కూతురి సంగతి ఒక్క మాట. ఆ పిల్లకి కూడా అదే డాక్టర్ అదే గోలీ మొదలుపెట్టాడు. నికా అయి ఏడాది కాలేదు. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డ మెదడు ఎదగడానికి కావాల్సింది తల్లి రక్తంలోని టీ4. అందుకే గర్భం కోరుకునేవాళ్ళకి, గర్భవతులకి గ్రంథి గోలీ వద్దు, లీవోథైరాక్సిన్ ఇవ్వాలని నిపుణులు చెప్తారు. కడుపు నిలిచిందని తెలియగానే మోతాదు పెంచాల్సి రావడం కూడా మామూలే. దీన్నెవరూ హరాం హలాల్ బహస్‌లో మాట్లాడరు. మా ఇంట్లో మాట్లాడాం. ఆ పిల్లా మారింది.

ఇక కర్నూలు. అమ్మీకి 72 ఏళ్ళు. ఏళ్ళ తరబడి 75 మైక్రోగ్రాములు, ఒకే కంపెనీ. ఒక నెల షాపులో ఆ డబ్బా లేక వేరే కంపెనీది ఇచ్చారు. రెండు నెలలకి అమ్మీ మంచం దిగనంది. టీఎస్‌హెచ్ 2.4 నుంచి 9కి వెళ్ళింది. "కొత్త గోలీ నఖలీది" అని భాయ్ షాపు మీదికి పోబోయాడు.

డాక్టరమ్మ ఒకటే అడిగారు. "గోలీ కాక ఇంకేం మారింది?" ఆలోచిస్తే తేలింది. మోకాళ్ళ డాక్టర్ అదే నెలలో కాల్షియం రాశాడు. మర్చిపోకుండా ఉండాలని భాభీ రెండు గోలీలూ ఒకే గిన్నెలో పెట్టి, చాయ్‌తో పాటు ఇచ్చేది. కాల్షియం థైరాక్సిన్‌ని పట్టేసుకుంటుంది, పేగుల్లోంచి రక్తంలోకి పోనివ్వదు. ఐరన్ గోలీ కూడా అంతే. రెండింటికీ నాలుగు గంటల దూరం కావాలి. చాయ్, కాఫీ అరగంట నుంచి గంట ఆగాలి. అమ్మీ పాన్‌దాన్ చూసి ఆమె నవ్వి, "సున్నంలో ఉండేదీ కాల్షియమే, పొద్దుటి పాన్ కూడా కాస్త ఆగమనండి" అన్నారు. కాల్షియం మధ్యాహ్నం ఖానా తర్వాతకి మార్చాం. కంపెనీ మార్చలేదు. ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ 3.1.

అంటే కంపెనీ మారితే ఫరఖ్ ఉండదా? ఉండొచ్చు. ఈ మందు మైక్రోగ్రాముల్లో పనిచేస్తుంది, కొద్ది తేడా కూడా కొందరికి తగులుతుంది. అందుకే 2007లో అమెరికా ప్రభుత్వం, గడువు తీరేదాకా గోలీలో చెప్పిన మందు 95 నుంచి 105 శాతం మధ్యే ఉండాలని కట్టుదిట్టం చేసింది. ఫ్రాన్సులో 2017లో మెర్క్ కంపెనీ తన లీవోథైరాక్స్ గోలీలో లాక్టోజ్ తీసేసి మానిటాల్, సిట్రిక్ యాసిడ్ పెట్టింది. అసలు మందు అదే. నిలకడ పెంచడానికే ఈ మార్పు, ప్రభుత్వమే అడిగింది. అయినా వేలమంది తలనొప్పి, నీరసం, కండరాల నొప్పులు అని ఫిర్యాదు చేశారు. తనిఖీల్లో మందు నాణ్యతలో లోపం దొరకలేదు. చివరికి పాత తయారీని కూడా తెప్పించి ఇవ్వాల్సి వచ్చింది. 2020లో లియోన్ అప్పీలు కోర్టు, మార్పు గురించి మరీజులకి సరిగ్గా చెప్పలేదని కంపెనీని తప్పుపట్టి, కేసు వేసిన మూడు వేలకు పైగా మందికి తలా వెయ్యి యూరోలు ఇమ్మంది. ఆ ఫైసలా మందు చెడ్డదని కాదు, చెప్పకుండా మార్చారని. నాకు ఆపా గుర్తొచ్చింది. 'సహజం' అన్న డాక్టర్ 'పంది' అని కూడా అని ఉంటే ఆమె తొమ్మిదేళ్ళ కింద తన ఫైసలా తనే చేసుకునేది.

మన ఇళ్ళకి పనికొచ్చేవి ఇవి. వీలైనంతవరకు ఒకే కంపెనీ డబ్బా కొనండి. డబ్బా మీది పేరు, మైక్రోగ్రాములు ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. కంపెనీ మారినా, రకం మారినా, మోతాదు మారినా ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ చేయించండి. రెండు వారాలకే చేయిస్తే అది నిజం చెప్పదు. జుట్టు కోసం బయోటిన్ వేసుకునే పిల్లలుంటే ల్యాబ్‌కి వెళ్ళేముందే డాక్టర్‌కి చెప్పమనండి, అది పరీక్ష అంకెల్ని తారుమారు చేస్తుంది. గోలీల్ని పొయ్యి పక్కన, కిటికీ ఎండలో పెట్టకండి. మెత్తటి క్యాప్సూల్ రకం రాస్తే దాంట్లో గెలటిన్ ఉంటుంది, అది దేని నుంచి చేశారో కంపెనీని అడగొచ్చు. అడగడం మీ హక్.

రంజాన్‌లో మూడు దారులు ఉన్నాయి. సెహ్రీకి అరగంట ముందు లేచి వేసుకోవడం, ఇఫ్తార్ వేళ నీళ్ళతో వేసుకుని తిండికి అరగంట ఆగడం, లేదా తిన్న మూడు గంటలకి, తరావీహ్ అయ్యాక పడుకునేముందు వేసుకోవడం. మీకు కుదిరేది డాక్టర్‌తో ముందే, షాబాన్‌లోనే, మాట్లాడుకుని నెలంతా అదే పాటించండి. మా అమ్మీ మూడోది ఎంచుకుంది. ఇఫ్తార్‌లో హలీం ముందు పెట్టుకుని అరగంట ఆగడం తన వల్ల కాదంది.

ఆపా దగ్గర పాత డబ్బాలో ఇంకా నలభై గోలీలు మిగిలాయి. వాటిని పారేసేముందు, అవి ఉన్న అలమారీ అర కడగాలా అని నన్ను అడిగింది. ముఫ్తీ సాబ్‌ని అడగమన్నాను. ఈలోపు తనే కడిగేసిందట, మూడు సార్లు. ఇప్పుడు ఆ అరలో కొత్త డబ్బా ఉంది. పక్కనే ఒక చీటీ అంటించింది, ఉర్దూలో: వచ్చే టీఎస్‌హెచ్, జనవరి మొదటి వారం.